డాలస్ దగ్గరే, శంషాబాదే దూరం

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో మొన్న ఎవరో ఒక లెక్క పెట్టారు. విజయవాడ నుంచి డాలస్‌కి 14,500 కిలోమీటర్లు, విమానంలో పదహారున్నర గంటలు అని. దాని కింద ఆశ్చర్యాలు మొదలయ్యాయి. "పదహారున్నర గంటలేనా? మాకు ఒకటిన్నర రోజు పట్టిందే!" అని ఒక పిన్ని. "గన్నవరం నుంచి డైరెక్ట్ ఫ్లైట్ వేస్తే అంతే పడుతుంది" అని మా బావగారు. అక్కణ్ణుంచి చర్చ ఎటు పోయిందో చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌కి ఉన్నవి మనకెందుకు లేవు, మనవాళ్లు అక్కడ ఇంతమంది ఉండి ఏం లాభం, గట్టిగా అడిగే నాయకుడేడీ, ఇలా అర్ధరాత్రి దాకా సాగింది.

ఈ డైరెక్ట్ ఫ్లైట్ కోరికతో నాకు ఎప్పటినుంచో పేచీ ఉంది. వస్తే బాగుండదని కాదు. గుంటూరులో ఇంటి తలుపు వేసిన దగ్గర్నుంచి అక్కడ మా చెల్లి ఇంటి తలుపు తీసేదాకా లెక్క కట్టి చూస్తే, మన కాలాన్ని తినేస్తున్నది సముద్రాల మీది దారి కాదని తెలుస్తుంది. ఇటు చివర ఉన్న మూడు వందల కిలోమీటర్లే తినేస్తున్నాయి. ఆ ముక్క సరిచేయమని అడగకుండా, పద్నాలుగు వేల కిలోమీటర్ల విమానం అడుగుతున్నాం.

గ్లోబు మీద దారం

మా అబ్బాయి స్కూలు రోజుల నాటి గ్లోబు ఒకటి బీరువా మీద ఉంది. దుమ్ము తుడిచి, పూలు కట్టే దారం ఒక కొస గుంటూరు మీద, రెండో కొస డాలస్ మీద పెట్టి బిగించి చూశాను. అరేబియా సముద్రం, యూరప్, అట్లాంటిక్ అని మనకి మ్యాపుల్లో అలవాటైన దారిన దారం వెళ్లదు. నిటారుగా పైకి పోతుంది. లక్నో పక్కనుంచి నేపాల్ పడమటి అంచు, టిబెట్, చైనాలో షింజియాంగ్, కజకిస్థాన్ తూర్పు భాగం, సైబీరియా, ఆపైన ఉత్తర ధ్రువం. ధ్రువం దాటి అవతలి వైపు దిగితే కెనడాలో విన్నిపెగ్, అమెరికాలో ఓక్లహోమా సిటీ, దాని కింద డాలస్. మన ఊళ్లు తూర్పు రేఖాంశం ఎనభైన్నర డిగ్రీల దగ్గరుంటే డాలస్ పశ్చిమ రేఖాంశం 97 దగ్గరుంది. రెండూ కలిపితే 177 దాటుతుంది. సరిగ్గా 180 అయితే ఒక రేఖకి వెనకవైపు రేఖ రెండోది. అంటే భూగోళం మీద మనకి వీపు వైపున్న ఊళ్లోనే మన జిల్లాల జనం ఇంతమంది వెళ్లి చేరారు.

ఆ దారం దారిన మామూలు విమానాలు పోవు. టిబెట్ పీఠభూమి సగటున నాలుగున్నర వేల మీటర్ల ఎత్తు. క్యాబిన్‌లో గాలి పీడనం పోతే విమానాన్ని వెంటనే మూడు వేల మీటర్ల ఎత్తుకి దించాలి. అక్కడ దించడానికి కింద కొండలే ఉంటాయి. దాని పైన రష్యా. 2022 నుంచి అమెరికా కంపెనీలకి అటు దారి లేదు. ధ్రువం మీద అత్యవసరంగా దిగడానికి ఎయిర్‌పోర్టులు అంతంతమాత్రం. కాబట్టి 14,500 అనేది గ్లోబు మీది అంకె.

మరి మనవాళ్లు నిజంగా వెళ్లే దారి ఎంత? హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి డాలస్ 12,900. గన్నవరం నుంచి హైదరాబాద్‌కి ఇంకో రెండు వందల యాభై కలుపుకోండి. 15,700. డైరెక్ట్ దారికీ దీనికీ తేడా పన్నెండు వందల కిలోమీటర్లు. గంటకి తొమ్మిది వందల చొప్పున గంటా ఇరవై నిమిషాలు. గాల్లో మనం చుట్టు తిరిగి పోగొట్టుకునేది ఇంతే! ఈ లెక్క చూశాకే డైరెక్ట్ మీద నా మోజు సగం తగ్గింది.

అసలు గాల్లో దూరానికీ కాలానికీ పెద్దగా పొత్తు కుదరదు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మీదుగా కాకుండా పసిఫిక్ మీదుగా పంపింది. అట్లాంటిక్ వైపు 13,900 కిలోమీటర్లు, పసిఫిక్ వైపు 15,300. పధ్నాలుగు వందల కిలోమీటర్లు ఎక్కువ తిరిగి కూడా దాదాపు రెండు గంటలు ముందే దిగింది. పడమటి నుంచి తూర్పుకి వీచే గాలులు వెనకనుంచి తోశాయి. దుబాయ్ నుంచి డాలస్ వెళ్లేటప్పుడు పదహారు గంటలు పట్టి, వచ్చేటప్పుడు పద్నాలుగున్నరతో సరిపోవడానికీ ఆ గాలులే కారణం. దూరాన్ని వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఒక అరగంట కలిపి ఇంటర్నెట్లో చూపించే ఆ "ఫ్లైట్ టైమ్" ఏ టికెట్టుకీ సరిపోదు.

మూడు వందల కిలోమీటర్లకి పన్నెండు గంటలు

ఇప్పుడు నేల మీదికి వద్దాం.

చెల్లి పురిటికి అమ్మానాన్నలని పంపినప్పటి సంగతి. శంషాబాద్‌లో విమానం తెల్లవారుజామున నాలుగు దాటాక. మూడు గంటల ముందు రిపోర్టు చేయాలి, అంటే ఒంటిగంట. గుంటూరు నుంచి కారులో సత్తెనపల్లి, పిడుగురాళ్ల, దాచేపల్లి, కృష్ణ దాటి వాడపల్లి, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా శంషాబాద్ సుమారు మూడు వందల కిలోమీటర్లు. ఐదారు గంటల దారి. రాత్రి ఏడింటికి బయల్దేరితే చాలన్నాను. "పంతంగి టోల్‌గేట్ దగ్గర ఇరుక్కుంటే నువ్వెళ్లి విమానం ఆపుతావా?" అన్నారు నాన్న. సంక్రాంతికి అక్కడ కార్లు ఎలా ఆగిపోతాయో ఏటా టీవీలో చూస్తున్నవాళ్లకి ఆ భయం ఎందుకో చెప్పక్కర్లేదు. సంక్రాంతి వెళ్లి నాలుగు నెలలైంది కదా అంటే వినలేదు. సాయంత్రం నాలుగింటికే కారెక్కాం.

ఎక్కేముందు పెట్టెల తతంగం. ఇరవై మూడు కిలోల పెట్టెలు మనిషికి రెండు. కొక్కెం తగిలించి పైకెత్తి చూసే చిన్న తూకం మెషీన్ మా మేడ మీద ఐదిళ్లవాళ్లకీ ఒకటే ఉంది, ఎవరు ప్రయాణమైతే వాళ్లింట్లో ఉంటుంది. నాన్న పెట్టె ఎత్తడం, నేను వంగి అంకె చదవడం, 23.4 అనగానే అమ్మ జిప్పు తీసి కందిపొడి పాకెట్ బయట పెట్టడం, మళ్లీ ఎత్తడం, 22.9 అనగానే ఆ పాకెట్‌లో సగం ఇంకో కవర్లోకి వంచి తిరిగి లోపల కుక్కడం. ఆవకాయ డబ్బాకి మూడు కవర్లు చుట్టి, చుట్టూ టేపు వేసి, దాన్ని నాన్న స్వెట్టర్‌లో పెట్టింది. స్వెట్టర్‌కి నూనె అంటితే అని నాన్న అనబోయి మానుకున్నారు.

సాయంత్రం నాలుగు నుంచి తెల్లారి నాలుగు దాకా పన్నెండు గంటలు, మూడు వందల కిలోమీటర్లు. గంటకి పాతిక. ఓపికున్న కుర్రాడు సైకిల్ మీద కాస్త అటూ ఇటూగా ఇంతే వేగంతో వెళ్తాడు.

ఆ తర్వాత ఏమైంది? దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ మూడు గంటలు కూర్చున్నారు, ఇంకో పదహారు గంటల్లో డాలస్. మొత్తం ఇరవై మూడు గంటల్లో పదిహేను వేల కిలోమీటర్లు. అక్కడ ఇమిగ్రేషన్ లైను, పెట్టెలు గంటన్నర. ఎయిర్‌పోర్టు నుంచి ఫ్రిస్కోలో చెల్లి ఇల్లు అరగంట. తలుపు నుంచి తలుపుకి ముప్పై ఏడు గంటలైతే, గాల్లో ఉన్నది ఇరవై. మిగతా పదిహేడూ నేల మీదే, అందులో పన్నెండు మన దగ్గరే.

టికెట్ చూస్తే ఇవేవీ కనపడవు. నాలుగింటికి బయల్దేరి అదే తేదీ సాయంత్రం నాలుగున్నరకి చేరినట్టు ఉంటుంది. శీతాకాలంలో మనకీ డాలస్‌కీ పదకొండున్నర గంటలు తేడా, వేసవిలో పదిన్నర. మా వీధిలో ఒకాయన ఆ టికెట్ చదివి పన్నెండు గంటల ప్రయాణమేగా అన్నాడు. ఆయనకి టైమ్ జోన్ల గురించి చెప్పే ఓపిక ఆ పూట నాకు లేకపోయింది.

మరి గన్నవరం నుంచి హైదరాబాద్‌కి గంటలోపు విమానం ఉంది కదా, కారు దేనికి అంటారు. ఉంది. మా పక్కింటి మాస్టారు అలాగే వెళ్లారు. చౌకగా వస్తుందని ఆ చిన్న విమానానికి వేరే టికెట్ తీసుకున్నారు. అది రెండున్నర గంటలు లేటు. శంషాబాద్‌లో దిగి, పెట్టెల కోసం బెల్టు దగ్గర నిలబడి, అవి లాక్కుంటూ పైకెళ్లేసరికి కౌంటర్ మూసేశారు. మొదటి కంపెనీవాళ్లని అడిగితే మీ రెండో టికెట్‌తో మాకు సంబంధం లేదన్నారు. రెండోవాళ్లు, మీరు రాలేదు కాబట్టి టికెట్ పోయినట్టే అన్నారు. ఇద్దరూ రూల్ ప్రకారమే మాట్లాడారు. రెండు టికెట్లూ ఒకే బుకింగ్‌లో ఉంటే పెట్టెలు నేరుగా చివరి ఊరికి పోతాయి, మొదటిది లేటైతే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్లదే. విడివిడిగా తీస్తే ఆ బాధ్యత మనది. ఈ తేడా తెలిసినవాళ్లకైనా మనకి నప్పే టైముల్లో ఒకే బుకింగ్ దొరకడం కష్టమే. మా వీధిలో కారు మీద ఉన్న భక్తికి మాస్టారి కథే సగం కారణం.

డైరెక్ట్ ఎందుకు నిలవదు

2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకి డైరెక్ట్ మొదలుపెట్టింది. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి అందరూ మహిళా పైలట్లే ధ్రువం మీదుగా నడుపుకొచ్చారు, గుర్తుండే ఉంటుంది. ఆ షికాగో విమానం వారానికి ఒక్కటి. అదీ ఎక్కువకాలం నడవలేదు. ఐటీ కంపెనీలు, తెలంగాణ, ఇటు మన జిల్లాలు అన్నీ కలిపి జనం ఉన్న హైదరాబాద్‌లోనే అది నిలవలేదు. గన్నవరం ఒక్కదాన్నుంచి ఎలా నిలుస్తుంది? మన అనుభవమే ఇంకోటుంది. 2018 డిసెంబరులో ఇక్కణ్ణుంచి సింగపూర్‌కి విమానం వేశారు, మిగిలిపోయే సీట్ల నష్టం రాష్ట్ర ప్రభుత్వం భరిస్తుందన్న ఒప్పందం మీద. ఆ విడత మరుసటి ఏడాదికే ఆగిపోయింది. సింగపూర్ నాలుగైదు గంటల దూరం. దానికే అంత అవస్థ.

పదహారు, పదిహేడు గంటల విమానం ఖర్చు వేరు. సగం ఇంధనం, మిగతా ఇంధనాన్ని మోయడానికే ఖర్చవుతుందా అన్నట్టుంటుంది. ప్రపంచంలోకెల్లా పొడవైన సర్వీసు సింగపూర్-న్యూయార్క్, పదిహేను వేల మూడు వందల కిలోమీటర్ల పైన. అందులో సీట్లు 161 మాత్రమే, ఎకానమీ క్లాసే లేదు. మన రన్‌వే ఇప్పుడు మూడు వేల మీటర్లు దాటింది, పెద్ద విమానాలు దిగుతాయి, నిజమే. కానీ మే నెల మధ్యాహ్నం ఆ వేడికి గాలి పల్చబడి ఉన్నప్పుడు నిండా ఇంధనంతో లేవాలంటే బరువు తగ్గించుకోవాలి, అంటే సీట్లో పెట్టెలో ఖాళీ వదలాలి. రాత్రి లేపుకోవచ్చనుకోండి.

పోనీ వారానికి ఒకటి వేశారనుకుందాం. మీకు సెలవు బుధవారం నుంచి, విమానం శనివారం. ముప్పై ఏడు గంటల ప్రయాణం ఇరవై నాలుగవుతుందని, ఆ పదమూడు గంటల ఆదా కోసం మూడు రోజులు ఆగుతారా?

అమ్మ లెక్క

ఇక్కడిదాకా నా వాదన నాకు బాగానే ఉంది. అమ్మతో మాట్లాడినప్పుడే బిగుసుకుంటుంది.

"గంటల సంగతి నాకెందుకురా, ఎన్నిసార్లు దిగి ఎక్కాలో అది చెప్పు" అంటుంది అమ్మ. రోజూ పొద్దున బృందావన్ గార్డెన్స్ స్టేడియంలో ఆరు రౌండ్లు నడిచే మనిషి, టికెట్ తీసేటప్పుడు వీల్‌చెయిర్ అడగమంది. కాళ్ల కోసం కాదు. వీల్‌చెయిర్ అడిగితే దారి తెలిసిన మనిషి ఒకరు పక్కన వస్తారు, గేటు దాకా దింపుతారు. నడవగలిగినవాళ్లు ఇలా అడుగుతున్నారని విసుక్కునేవాళ్లున్నారు. బోర్డులు చదవడం రాక, మాట అర్థంకాక, ఆ గాజు గదుల్లో తప్పిపోతామన్న టెన్షన్ విసుక్కునేవాళ్లకి ఎప్పుడూ లేదు. పర్సులో చెల్లి ఇంగ్లిష్‌లో రాసిచ్చిన చీటీ, దాని మీద గేటు దగ్గరికి తీసుకెళ్లమని ఒక వాక్యం, చెల్లి ఫోన్ నంబరు. దుబాయ్‌లో వెయిటింగ్ దగ్గర పక్క వీల్‌చెయిర్‌లో తెనాలి ఆవిడ కనపడిందట. ఆవిడా కూతురి పురిటికే. ఆ మూడు గంటలూ ఇద్దరికీ ఎలా గడిచాయో తెలియలేదట. నాన్న మాత్రం ఆ మూడు గంటలూ గేటు బోర్డు ముందే నిలబడ్డారు, నంబరు మారుస్తారేమోనని.

అమ్మ లెక్కన చూస్తే హైదరాబాద్ దాకా చిన్న విమానం పట్టుకోవడం అసలు పరిష్కారమే కాదు. గన్నవరం నుంచి హైదరాబాద్, అక్కణ్ణుంచి దుబాయ్, అక్కణ్ణుంచి డాలస్ అంటే రెండుసార్లు మారాలి. కారులో వెళ్తే ఒక్కసారే. కొన్ని గంటలు మిగిల్చి ఒక మార్పు పెంచుతానంటే ఆవిడ ఒప్పుకోదు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. డైరెక్ట్ కావాలనేవాళ్లలో చాలామంది మనసులో ఉన్నది గంటల ఆదా కాదేమో, ఈ భయమేనేమో. వాళ్లకి నా పన్నెండు వందల కిలోమీటర్ల లెక్క చూపించి ప్రయోజనం లేదు.

నాన్నది ఇంకో లెక్క. తొమ్మిది గంటలు మధ్యలో ఆగే టికెట్టు ముప్పై వేలు తక్కువకి దొరికితే అదే తీయమంటారు. "ఊరికే కూర్చుంటే గంటకి మూడు వేల పైన వస్తుంటే చేదా? నా ఉద్యోగంలో ఎప్పుడూ అంత రాలేదు." ఈ మాటకి జవాబు నా దగ్గర లేదు. రిటైరైనవాళ్ల గంట విలువ మనం నిర్ణయించేది కాదు. ఆ కారు ప్రయాణం కూడా మొత్తం దండగ అనడానికి మనసొప్పదు. మిర్యాలగూడ దగ్గర టీ కోసం ఆగినప్పుడు, బ్యాంకు లాకర్ తాళం ఎక్కడుందో, పనిమనిషికి ఎంత బాకీ ఉందో, ఎవరింటి పెళ్లికి ఎంత చదివించాలో అమ్మ వరసగా చెప్పింది. ఇంట్లో ఆ వారమంతా అడిగినా చెప్పలేదు.

అయితే ఏం అడగాలి

గంటలూ మార్పులూ రెండూ కలిపి చూస్తే నాకు ఒక్కటే కనపడుతోంది. గన్నవరం నుంచి దుబాయో, దోహానో, అబుధాబీనో, అక్కణ్ణుంచి అమెరికాలో ఏ ఊరికైనా ఒకే టికెట్టు మీద వెళ్లే విమానం. దుబాయ్ ఇక్కణ్ణుంచి 2,800 కిలోమీటర్లు, నాలుగు గంటల పైచిలుకు. నూట ఎనభై సీట్ల మామూలు విమానం చాలు. అది డాలస్ వాళ్లతోనే నిండక్కర్లేదు. న్యూజెర్సీ, లండన్, గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు అందరూ అందులోనే ఎక్కుతారు. డైరెక్ట్‌కీ దీనికీ ఇదే అసలు తేడా. గుంటూరు నుంచి మంగళగిరి, వారధి, బెంజి సర్కిల్ మీదుగా గన్నవరం గంటన్నర. ముందు జాగ్రత్త కలుపుకుని విమానం లేచేదాకా ఐదు గంటలు. తలుపు నుంచి తలుపుకి ముప్పై గంటలు, ఒకే మార్పు. డైరెక్ట్ వస్తే ఇరవై నాలుగు. ఆ ఆరు గంటలు వదులుకుంటే మిగతా ఏడూ ఖాయంగా చేతికొస్తాయి.

షార్జాకి 2022 నుంచి విమానం ఉంది కదా అంటారు. గల్ఫ్‌లో దిగేవాళ్లకి అది మంచిదే. అమెరికా వెళ్లేవాళ్లకి షార్జాలో దిగితే పెద్ద విమానం కోసం మళ్లీ దుబాయ్‌కి పోవాలి.

అడ్డు ఎక్కడంటే, ఇది కంపెనీలు అనుకుంటే అయ్యే పని కాదు. దేశాల మధ్య ఒప్పందాలుంటాయి. దుబాయ్‌తో ఉన్నదాని ప్రకారం వారానికి ఒక్కో వైపుకి దాదాపు 66 వేల సీట్లు. వాటిని చాలావరకు వాడేసుకున్నారు. ఎమిరేట్స్ మన దేశంలో తొమ్మిది ఊళ్లలో దిగుతుంటే, తెలుగువాళ్ల ఊరు అందులో హైదరాబాద్ ఒక్కటే. కొత్త ఊరు చేర్చాలంటే ఢిల్లీ ఒప్పుకోవాలి. ఢిల్లీ వాదన కొట్టిపారేసేదేం కాదు. మన జనాన్నంతా దుబాయ్‌కి అప్పజెబితే మన కంపెనీలు ఎప్పటికి ఎదుగుతాయి, మన ఎయిర్‌పోర్టులు ఎప్పటికి పెద్ద జంక్షన్లవుతాయి అంటారు. సరే, ఢిల్లీ మీదుగానే వెళ్దామంటే డిసెంబరు, జనవరిల్లో పొగమంచు. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ మన విమానాలకి గగనతలం మూసేశాక అక్కణ్ణుంచి అమెరికా దారి ఇంకా సాగింది, కొన్నింటికి మధ్యలో ఇంధనం కోసం ఆగాల్సి వచ్చింది. కంపెనీల ఎదుగుదల కోసం గుంటూరు ముసలివాళ్లు పన్నెండు గంటలు ఇచ్చుకోవాలా అన్నది నా ప్రశ్న. 2024 నుంచి పౌర విమానయాన శాఖ మన శ్రీకాకుళం ఎంపీ చేతిలోనే ఉంది. అడగడానికి భాష అడ్డం కూడా లేదు.

ఈ వేసవికి అమ్మానాన్నల టికెట్లు మళ్లీ తీశాం. గన్నవరం నుంచి ఢిల్లీ మీదుగా ఒకే బుకింగ్‌లో ఒకటి దొరికింది గానీ, డాలస్‌కి ఇంకో మార్పు ఉందని అమ్మ కొట్టేసింది. కాబట్టి మళ్లీ కారు, శంషాబాద్, దుబాయ్. విమానం తెల్లవారుజామున నాలుగున్నరకి. మధ్యాహ్నం మూడింటికి బయల్దేరదామంటున్నారు నాన్న. ఐదింటికి చాలని నేను. బేరం ఇంకా తెగలేదు.